అడగనిదే లేవని సంవత్సరం

“తలుపు లోపల్నించి తోస్తే చాలు, తెరుచుకుంటుంది. గడియ లేదు, తాళం లేదు. సైరన్ మొదలయ్యాక గ్యాస్ వదలడానికి అర నిమిషం గడువుంది. గదిలో ఏ మూల నిలబడ్డా ఈ తలుపు దాకా రావడానికి అందులో సగం చాలు. మరి ఆ కుర్రాడు బయటికి ఎందుకు రాలేదంటారు?”

జవాబు చెప్పే ముందు ఇన్‌స్పెక్టర్ చేతి గడియారం చూసుకున్నాడు. అది ఆయన అలవాటు. ఎంత తొందరగా మూసేస్తే అంత మంచి కేసని ఆయన నమ్మకం.

“కంగారు మేడమ్. కంగారు పడ్డవాడికి ఎదురుగా తలుపున్నా కనపడదు.”

“కనపడింది. తలుపు దగ్గరే పడి ఉన్నాడని రిపోర్టులో మీరే రాశారు. అరచేతులు రెండూ కమిలిపోయాయని కూడా రాశారు. కనపడని తలుపుని అంత గట్టిగా ఎందుకు బాదాడు?”

ఇన్‌స్పెక్టర్ ముఖం చిట్లించి నడవా కిటికీ వైపు తిరిగాడు. ఈవిడతో వాదన పెట్టుకుంటే ఏమవుతుందో ఆయనకు అనుభవమే.

ఆవిడ ప్రైవేటు డిటెక్టివ్. పెళ్ళి కాలేదు, కోడళ్ళు లేరు. అయినా పోలీసు శాఖలో పైనుంచి కిందిదాకా అందరూ ఆవిడని ‘అత్తగారు’ అనే అంటారు. ఆరా తీయడం మొదలుపెడితే అవతలి మనిషి వంటింట్లో ఉప్పు ఏ డబ్బాలో పోశాడో కూడా చెప్పేదాకా వదలదని. మొదట్లో చాటుగా అనేవాళ్ళు. కొన్నాళ్ళకు ముఖం మీదే నోరు జారారు. ఆవిడ చక్కా పలికింది. అప్పట్నించీ సొంత పేరు ఆవిడకే కొత్తగా వినిపిస్తోంది.

ఇప్పుడు అత్తగారు నిలబడ్డది పాత పత్రికల భాండాగారం మూడో అంతస్తులో, యంత్రాల గది గుమ్మం ముందు. ఎనభై ఏళ్ళ దినపత్రికలను పేజీ పేజీకీ ఫొటో తీసి ఈ గదిలోని సర్వర్లో భద్రపరిచారు. కింద చదువుకునే గదిలో ఎవరైనా ఒక పేరు కొడితే, అది ఏ రోజు పేపర్లో ఏ పేజీలో ఉందో ఈ యంత్రం వెతికి చెబుతుంది. దాన్ని చూసుకునే కుర్ర ఇంజినీరు మొన్న మధ్యాహ్నం ఇదే గదిలో స్పృహ తప్పి పడిపోయాడు. మంటలార్పే గ్యాస్ గదిలోకి వచ్చింది. అది వస్తే పీల్చుకోవడానికి గాలి మిగలదు. మంటలు మాత్రం ఎక్కడా లేవు. లోపల తలుపు పక్కనే ఉన్న, గ్యాస్ వదిలే ఎర్ర మీటను అతనే పొరపాటున లాగుంటాడని పోలీసులు తేల్చారు. తమ్ముడు అంత తెలివితక్కువవాడు కాడని అతని అక్క అత్తగారి దగ్గరికొచ్చింది.

కుర్రాడు ఆసుపత్రిలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. తెరవొచ్చునని డాక్టర్లన్నారు, ఎప్పుడో చెప్పలేమన్నారు. అతను కళ్ళు తెరిస్తే తలుపు ఎవరు పట్టుకున్నారో చెబుతాడు. ఆ సంగతి తలుపు పట్టుకున్నవాడికి కూడా తెలుసు. అత్తగారికి కంటి మీద కునుకు లేకుండా చేస్తున్నది అదే.

ఆవిడ వంగి తలుపు బయటివైపు వేలితో తడిమింది. నడుమెత్తులో రంగు లేచిపోయి రెండు గీతలు. లోపలి ఇనుము ఇంకా మెరుస్తోంది, తుప్పు పట్టేంత పాతవి కావు. వెనక్కి తిరిగి ఎదుటి గోడ చూసింది. అక్కడ కూడా అదే ఎత్తులో సున్నం పెచ్చులూడింది. నడవా ఇరుకు. మలుపు దగ్గర పుస్తకాలు మోసే ఇనప ట్రాలీ ఒకటి ఒంటరిగా నిలబడి ఉంది. అత్తగారు దాన్ని గడగడా తోసుకొచ్చి తలుపుకీ గోడకీ మధ్య అడ్డంగా పెట్టింది. గొళ్ళెం పెట్టినట్టు బిగుసుకుపోయింది.

“ఇప్పుడు మీరు లోపలున్నారనుకోండి ఇన్‌స్పెక్టర్ గారూ. కంగారు లేకుండానే తోయండి.”

“ట్రాలీలు గోడలకి తగలడం కూడా వింతేనా?”

“ఒక్క గోడకి తగిలితే వింత కాదు.”

ఇన్‌స్పెక్టర్ మళ్ళీ గడియారం చూసుకున్నాడు గానీ ఈసారి ముళ్ళు ఎక్కడున్నాయో గమనించినట్టు లేదు. “సాయంత్రానికల్లా యంత్రం భాండాగారానికి అప్పగించమని పైనుంచి కాగితం వచ్చింది. వాళ్ళ మనిషి వచ్చి ఆపి మళ్ళీ మొదలుపెడతాడు. ఈలోగా మీ సరదా తీర్చుకోండి. నేను కిందికెళ్ళి సంతకాలు చూసుకుంటాను.”

మెట్ల మీద ఆయనకు భాండాగారం డైరెక్టరు ఎదురయ్యారు.

డైరెక్టరు మెత్తటి మనిషి. అరవైకి దగ్గరపడ్డ వయసు, తెల్లజుట్టు, నేల నొచ్చుకుంటుందేమో అన్నట్టుండే నడక. మొన్న సైరన్ విని పరుగెత్తుకొచ్చి ఇంజినీరును బయటికి లాగింది ఆయనే. పేపర్లలో ఫొటో వచ్చింది. అక్క ఆయన కాళ్ళకు దండం పెట్టిందట.

“ఇంకా ఏమైనా అడగాలా అమ్మా? ఆసుపత్రికి బయల్దేరుతున్నాను. రోజూ ఓసారి చూసి రాకపోతే మనసొప్పదు.”

“రెండు ముక్కలే. సైరన్ మోగినప్పుడు మీరెక్కడున్నారు?”

“నా గదిలో. రెండో అంతస్తు.”

“వచ్చేసరికి ఈ ట్రాలీ ఎక్కడుంది?”

ఆయన ట్రాలీ వైపు చూడలేదు. “అదంతా ఎవరికి గుర్తుంటుందమ్మా. మనిషి ప్రాణం పోతుంటే ట్రాలీలు చూస్తామా.”

“నిజమే. ఆ కుర్రాడు ఆ రోజు ఏం చేస్తున్నాడో తెలుసా?”

“పొద్దున్నే యంత్రాన్ని ఆపి మళ్ళీ వేశాడు. అలా వేసినప్పుడల్లా ఎనభై ఏళ్ళూ ఒక్కొక్కటే పైకి లేవాలి, మధ్యాహ్నం దాకా పడుతుంది. తిండీ తిప్పలూ లేకుండా కూర్చునుంటాడు. కళ్ళు తిరిగి మీట మీద పడ్డాడేమో పాపం.”

“ఎవరెవరు ఏమేం అడిగారో యంత్రం రాసుకుంటుందట గదా? ఆ రోజుది ఖాళీగా ఉందన్నారు మా ఇన్‌స్పెక్టర్ గారు.”

“ఆ గ్యాస్ వదిలినప్పుడు పిడుగు పడ్డట్టు చప్పుడొస్తుందమ్మా. ఆ అదురుకి డిస్కులు దెబ్బతింటాయి. ఎంత పోయిందో, ఏమేం పోయాయో. ఆపి మళ్ళీ వేస్తేగాని తేలదు.” ఆయన చేతులు జోడించారు. “పిల్లవాడు బతికి బయటపడితే అంతే చాలు.”

అంత మర్యాదగా మాట్లాడిన మనిషిని అనుమానించడానికి అత్తగారికే కాస్త సిగ్గేసింది. ఆయన దిగి వెళ్ళిపోయాక గాని, ట్రాలీ గురించి అడిగినదానికి ఆయన సూటిగా జవాబు చెప్పలేదని తట్టలేదు.

లైబ్రేరియన్ను ఆవిడ యంత్రాల గదిలోకే పిలిపించింది. చదువుకునే గదిలో కుర్చీ కిర్రుమన్నా కళ్ళెర్రజేసే పెద్దమనిషి ఆయన. ఇక్కడ మాత్రం గుమ్మంలోనే ఆగిపోయాడు. చెప్పులు విప్పి, లోపలికొక కాలు పెట్టి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

“లోపలికి రావాలాండీ?”

“మిమ్మల్నేం తినను. రండి.”

కిటికీలు లేని గది. బయట ఎండ మండిపోతున్నా ఇక్కడ వేళ్ళు కొంకర్లు పోయే చలి. వరసగా నల్లటి పెట్టెలు, వాటిలోంచి ఎడతెరిపి లేని రొద. కాసేపు వింటే అది రొదలా ఉండదు. గది నిండా జనం పడుకుని, అందరూ ఒక్క లయలో ఊపిరి పీలుస్తున్నట్టుంటుంది. అత్తగారు శాలువా బిగించి కప్పుకుంది. ఆవిడ చూడని శవం లేదు, అయినా ఈ గదిలో ఒంటరిగా నిలబడటం ఆవిడకు ఇష్టం లేకపోయింది. ఆ సంగతి లైబ్రేరియన్‌కి తెలియనివ్వలేదు.

“మొన్న మీరు పైకొచ్చేసరికి ఏం చూశారు?”

“డైరెక్టరుగారు వాణ్ణి రెక్క పట్టుకుని బయటికి లాగుతున్నారు. నేనెళ్ళి ట్రాలీకి గుద్దుకున్నాను. చూడండి, మోకాలు ఇంకా వాచే ఉంది. మామూలుగా నాకు మెట్లెక్కడం నరకం. లిఫ్ట్ వచ్చేదాకా నిలబడతాను. ఆ రోజేమిటో, కాళ్ళు వాటంతటవే పరిగెత్తాయి.”

“ఆ ట్రాలీ ఉండే చోటు అదేనా?”

“కాదండీ. దాని చోటు కింద, నా గది పక్కన. పైకెవరు తెచ్చారో నాకు తెలీదు.”

ఈయన పరుగు చప్పుడు వినపడబట్టే తలుపు తెరుచుకుందేమో. లిఫ్ట్ కోసం నిలబడి ఉంటే కుర్రాడు ఈపాటికి పోయి ఉండేవాడు. ఆ మాట అత్తగారు పైకి అనలేదు. “సైరన్‌కి ముందు యంత్రాన్ని ఎవరెవరు వాడారు?”

“ఎవరూ పెద్దగా వాడలేదు. పొద్దున నా దగ్గరికి ఇద్దరే పాఠకులు వచ్చారు. చెరో సంవత్సరం అడిగారు. అదైనా ఎంత ఆలస్యమని! జవాబు వచ్చేసరికి నాకు చెమటలు పట్టాయి. కొత్త పద్ధతిలో మొదటిసారి అంతేలెండి అని వాడు నాకు ముందే చెప్పాడు లెండి.”

“ఏ కొత్త పద్ధతి?”

లైబ్రేరియన్ గొంతు సవరించుకున్నాడు. తెలిసిన సంగతి చెప్పాల్సి వచ్చేసరికి కాస్త ధైర్యం వచ్చినట్టుంది.

“ప్రతి సంవత్సరానికీ ఒక ఇండెక్స్ ఉంటుందండీ. ఏ మాట ఏ రోజు, ఏ పేజీలో ఉందో చెప్పే సూచిక. ఇదివరకు యంత్రాన్ని మొదలుపెడితే ఎనభై ఇండెక్సులూ ఒకదాని తర్వాత ఒకటి డిస్కులోంచి మెమరీలోకి ఎక్కేవి. అడిగేవాడున్నా లేకపోయినా. సగం రోజు దానికే సరి. ఒక్కోసారి మెమరీ నిండిపోయి మధ్యలోనే చతికిలబడేది. ఎవరూ అడగని ఏళ్ళని కూడా లేపి కూర్చోబెట్టడం ఎందుకని వాడు మార్చేశాడు. ఇప్పుడు ఏ సంవత్సరం అడిగితే ఆ సంవత్సరమే లేస్తుంది. అడగనంతవరకూ డిస్కులో పడుకునే ఉంటుంది. మొదటిసారి అడిగినవాడే కాస్త ఎదురుచూడాలి.”

“ఎప్పుడు మార్చాడు?”

“మొన్న పొద్దున్నేనండీ. అందుకే ఆపి మళ్ళీ వేశాడు.”

“డైరెక్టరుగారితో చెప్పాడా?”

“అబ్బే. ఆయనకి మార్పులు గిట్టవు. వారం రోజులు నడిపి, బాగుందనిపించాక చెబుదామన్నాడు. పాఠకులు మీద పడతారని నాకొక్కడికే చెప్పాడు.”

అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చుంది. ‘ఎనభై ఏళ్ళూ లేవాలి’ అన్నారు డైరెక్టరు. ఆయనకు తెలిసింది పాత పద్ధతే.

“ఇప్పుడు ఏయే సంవత్సరాలు లేచి ఉన్నాయో చూడొచ్చా?”

“చూపించాడండీ నాకు. ఇదిగో.”

తెర మీద ఎనభై చిన్న గడులు, గడికొక సంవత్సరం. దాదాపు అన్నీ బూడిదరంగులో ఉన్నాయి. పచ్చగా ఉన్నవి మూడు.

లైబ్రేరియన్ కళ్ళజోడు సర్దుకుని ఒకటి చూపించాడు. “ఇది నేనడిగిందే. ఇదీ నేనే.” మూడోదాని దగ్గర వేలు ఆగిపోయింది. ముప్పై నాలుగేళ్ళ కిందటి సంవత్సరం. “దీన్ని... దీన్నెవరూ అడగలేదండీ.”

“మీకు తెలీకుండా కింద ఎవరైనా?”

“నా కీబోర్డు నేను తప్ప ఎవరూ ముట్టరు. సైరన్ మోగాక పోలీసులు అన్నీ మూసేశారు.”

“దానంతటది లేచిందేమో.”

“లేవదండీ. అడగనిదే లేవదు.”

చుట్టూ అన్ని సంవత్సరాలు నిద్రపోతుంటే ఆ పచ్చ గడి ఒక్కటి రెండు రోజులుగా కళ్ళు తెరుచుకుని కూర్చుంది. ఎవరో ఏదో అడిగి, జవాబు విని, వెళ్ళిపోయారు. అత్తగారికి ఒళ్ళు జలదరించింది. చలి వల్లే అని సర్దిచెప్పుకుంది.

“పడుకున్నదాన్ని ఒకదాన్ని లేపండి. ఎలా ఉంటుందో చూద్దాం.”

లైబ్రేరియన్ పక్క సంవత్సరంలో ‘వర్షం’ అని కొట్టాడు. ఏమీ కాలేదు. ఆ తర్వాత గది మూలనున్న పెట్టెలోంచి గరగరమని చప్పుడు మొదలైంది. పక్కగదిలో ఎవరో మంచం మీద అటునించి ఇటు దొర్లినట్టు. చప్పుడు పెరిగింది, తగ్గింది, మళ్ళీ పెరిగింది. చాలాసేపటికి గడి పచ్చబడి, జవాబులు బిలబిలా వచ్చి పడ్డాయి.

“ఇప్పుడు మన మూడోదాన్ని అడగండి. అదే మాట.”

ఆయన కీబోర్డు మీంచి వేలు తీసేలోపే జవాబు వచ్చేసింది. ఏ మూలా ఏ చప్పుడూ లేదు. ఇంతసేపూ ఎవరైనా అడుగుతారేమోనని కాచుకుని ఉన్నట్టు వచ్చింది.

“ఈ జవాబులో ఒకదాని పేజీ తెరవండి.”

తెరిచాడు. పేజీ లేదని వచ్చింది. ఇంకోటి తెరిచాడు. అదీ లేదు. లైబ్రేరియన్ డిస్కులో ఆ సంవత్సరం ఉండాల్సిన చోటు వెతికాడు. అటు సంవత్సరం ఉంది. ఇటు సంవత్సరం ఉంది. మధ్యలో ఖాళీ. పేజీల ఫొటోలు లేవు, ఇండెక్స్ కూడా లేదు.

“డిస్కులు దెబ్బతిన్నాయంటారా?” అని అడిగింది అత్తగారు.

“దెబ్బతింటే అక్కడో ముక్కా ఇక్కడో ముక్కా పోవాలి. ఇంత నీటుగా ఒక్క సంవత్సరమే, మొదట్నించి చివరిదాకా...” ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు. “లేనిది ఎలా మాట్లాడుతోందండీ ఇది?”

“చెరిపేసేసరికే లేచి ఉంది గనక. డిస్కులోంచి మెమరీలోకి ఎక్కాక, డిస్కులో తుడిచేసినా మెమరీలోది అలాగే ఉంటుందా?”

“ఉంటుంది. యంత్రాన్ని ఆపేదాకా.”

“ఆపి మళ్ళీ వేస్తే?”

“అన్నీ పడుకుంటాయి. ఇది మళ్ళీ లేవాలంటే డిస్కులోంచే లేవాలి. అక్కడ లేదు గదా. కాగితం పత్రికలు ఫొటోలు తీశాక ఎప్పుడో పారేశాం. ఇంక ఆ సంవత్సరం ఎక్కడా ఉండదు.”

మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చాడు, వెనకాల యంత్రాన్ని ఆపడానికి వచ్చిన మెకానిక్ పెట్టె పట్టుకుని ఉన్నాడు.

“టైమైపోయింది మేడమ్. లేవండి.”

అత్తగారు లేవలేదు. యంత్రం ఆపే బొత్తానికీ మెకానిక్‌కీ మధ్యకు కుర్చీ జరుపుకుంది.

“ఇది ఆపితే సాక్షిని చంపినట్టు.”

“పెట్టె సాక్షి ఏమిటండీ. పెద్దవాళ్ళ నుంచి కాగితం ఉంది నా దగ్గర.”

“ఎవరడిగితే వచ్చింది ఆ కాగితం?”

“డైరెక్టరుగారు రాయించారు. పాఠకులు ఇబ్బంది పడుతున్నారని.”

“పాఠకులు ఇద్దరు. రెండు రోజుల్నించి అంత ఇబ్బంది పడిపోతున్నారా?” ఆవిడ చూసినదంతా గబగబా చెప్పింది. ట్రాలీ, మూడో గడి, ఖాళీ చోటు. “ట్రాలీ అడ్డం పెట్టినవాడే యంత్రంలో అడిగిన ప్రశ్నల జాబితా చెరిపాడు, సంవత్సరం చెరిపాడు. యంత్రం మొదలైనప్పుడే అన్నీ లేచి ఉంటాయనుకున్నాడు గనక, ఒక్కటి మాత్రమే లేచి ఉంటే దాన్ని చూసి మనకి అనుమానమొస్తుందని వాడికి తట్టనే లేదు. అందరూ లేచి ఉన్న ఇంట్లో ఎవరు ఎందుకు లేచారో ఎవరు చూస్తారు?”

ఇన్‌స్పెక్టర్ తెర మీదికి వంగాడు. “ఆ సంవత్సరం లేపింది ఆ కుర్రాడే కావచ్చు గదా? కొత్త పద్ధతి పెట్టినవాడు పరీక్ష చేసుకోడా?”

అత్తగారు ఆయన వైపు తిరిగి చూసింది. మొదటిసారిగా మెచ్చుకోలు కనిపించింది ఆ చూపులో.

“చేసుకుంటాడు. పరీక్షకి ఒక మాట కావాలి. ఏం కొట్టుంటాడు?”

“నాకేం తెలుసు.”

“నాకూ తెలీదు. తెలిసిన మనిషిని అడుగుదాం. అంతవరకూ మీ మెకానిక్‌ని టీ తాగి రమ్మనండి.”

ఇన్‌స్పెక్టర్ మెకానిక్ వైపు చూసి తల ఊపాడు. అత్తగారు ఆసుపత్రికి ఫోన్ చేసింది. అక్క ఎత్తింది. ఆమె బస్సు కండక్టరు. బస్సు ఆ చివరనున్నవాడికి వినిపించే గొంతు ఆమెది, ఈ రెండు రోజుల్లో గుసగుసకు దిగిపోయింది.

“అమ్మాయీ, మీ తమ్ముడు యంత్రంలో కొత్తదేదైనా పెట్టినప్పుడు, పని చేస్తోందో లేదో చూడ్డానికి ఏం కొట్టి చూస్తాడో తెలుసా?”

అటువైపు కాస్త తటపటాయింపు. “తెలుసండీ. కానీ... ఫోన్‌లో వద్దులెండి. అక్కడికే వస్తాను. పక్క వీధే గదా.”

పావుగంటలో వచ్చింది. మనిషి బాగా నలిగిపోయి ఉంది, జుట్టు దువ్వుకోలేదు. గది గుమ్మం దాటలేక నడవాలోనే నిలబడి, తలుపు మీది గీతలను చూస్తూ చెప్పింది.

“నవ్వుకోకండి మేడమ్. వాడు ఎప్పుడూ డైరెక్టరుగారి పేరే కొడతాడు, ఒక్కోసారి ఒక్కో పాత సంవత్సరంలో. ఇంటిపేరు, తండ్రి పేరుతో సహా మొత్తం. ఆయన ఏనాడూ పేపర్లకెక్కే మనిషి కాదు, పాత సంవత్సరాల్లో ఆ పేరు ఉండనే ఉండదు. సున్నా రావాలి. సున్నా వస్తే యంత్రం సరిగ్గా వెతికినట్టు లెక్కట. ‘మా బాసు ఎక్కడా దొరకడే అక్కా’ అని ఇంటికొచ్చి నవ్వేవాడు. మొన్న మాత్రం మధ్యాహ్నం ఫోన్ చేసి, ఇవాళ దొరికాడు, ఆయనకే చెప్పి నవ్విస్తానన్నాడు. ఏదో వేళాకోళం అనుకున్నాను.”

అత్తగారు లోపలికొచ్చి లైబ్రేరియన్ భుజం తట్టి, మూడో గడి చూపించింది. ఆయన ముప్పై ఏళ్ళుగా రోజూ దండం పెట్టే పేరు. అక్షరం అక్షరం కొట్టాడు.

అడగడమే తరువాయి, జవాబు వచ్చింది. సున్నా కాదు. ఒకటి.

పేజీ లేదు. కానీ పేరు దొరికిన చోట దాని చుట్టూ ఉన్న నాలుగు వాక్యాలు ఇండెక్సులోనే ఉంటాయి. అవి తెర మీద నిలబడ్డాయి. పడవ మునిగి పన్నెండు మంది మరణించిన వార్త అది. మృతుల్లో గ్రంథాలయ శాస్త్రం చదివి అప్పుడే పట్టా పుచ్చుకున్న ఇరవై నాలుగేళ్ళ యువకుడు ఉన్నాడు. ఇంటిపేరు అదే, పేరు అదే, తండ్రి పేరు అదే. శవాన్ని తల్లి గుర్తుపట్టింది. అతని సంచీ, సర్టిఫికెట్లు దొరకలేదు. అదే పడవలో అతనితో పాటు ప్రయాణించిన గదిమిత్రుడి జాడ కూడా తెలియలేదు. ఆ గదిమిత్రుడి కోసం పోలీసులు అంతకు వారం ముందునుంచే గాలిస్తున్నారు, ఒక హత్య విషయంలో.

లైబ్రేరియన్ రెండు చేతులూ కీబోర్డు మీంచి తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“ఒకే పేరు ఇద్దరికి ఉండదా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతులో మాత్రం నమ్మకం లేదు.

“ఇంటిపేరూ తండ్రి పేరూ చదువూ అన్నీ ఒకటే కావు.”

“అంటే మన డైరెక్టరు...”

“చనిపోయి ముప్పై నాలుగేళ్ళయింది. ఈయన ఆ సర్టిఫికెట్లు పట్టుకుపోయిన గదిమిత్రుడు. ఆ కుర్రాడు పాపం, ఏదో తమాషా అనుకుని, ‘సార్, మీ పేరుగలాయన అప్పట్లోనే పోయారట’ అని ఎదురుగా వెళ్ళి చెప్పాడు.”

చెబుతూనే అత్తగారు తెర మీంచి కళ్ళు తిప్పి నడవాలో నిలబడ్డ అక్కను చూసింది. ఆమెకు ఇక్కడి మాటలు వినపడినట్టు లేవు. తమ్ముడు బాదిన తలుపు మీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది. ఆమెను ఇక్కడికి రానిచ్చింది తనే. రావద్దని ఒక్క మాట అనలేదు, అడగాల్సిన ఒక్క ప్రశ్నా అడగలేదు. ఇంతమందిని ఇన్ని ఆరాలు తీసిన మనిషి.

“అమ్మాయీ, నువ్విక్కడికి వచ్చేశావు. అక్కడ తమ్ముడి దగ్గర ఎవరున్నారు?”

“డైరెక్టరుగారు. మీ ఫోన్ వచ్చినప్పుడు ఆయన నా పక్కనే కూర్చునున్నారు. ఆయన పేరుతో వీడు ఆటలాడతాడని ఆయన ముందే ఎలా చెప్పను? అందుకే వస్తానన్నాను. ఎక్కడికి, ఎందుకు అని ఆయనే అడిగారు. తమ్ముడు యంత్రంలో ఏం కొట్టేవాడో మేడమ్‌గారికి చెప్పాలట అన్నాను. వెళ్ళిరా అమ్మా, నేనుంటానుగా అన్నారు.”

ఇన్‌స్పెక్టర్ అప్పటికే ఫోన్ తీసి ఆసుపత్రి దగ్గరున్న కానిస్టేబుల్ నంబరు కొట్టాడు. అటువైపు గంట మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. అంతలో అక్క చేతిలో ఫోన్ మోగింది. పేరు చూసి ఆమె ముఖం విప్పారింది. అందరికీ వినపడేలా పెట్టింది.

“అమ్మా, శుభవార్త.” అదే మెత్తటి గొంతు. “తమ్ముడు కళ్ళు తెరిచాడు. నన్ను గుర్తుపట్టాడు. ఏదో చెప్పాలని చూస్తున్నాడు గానీ గొంతు రావడం లేదు. నర్సుని నేనే కాసేపు బయటికి పంపాను, పిల్లవాణ్ణి కంగారు పెట్టొద్దని. తలుపు దగ్గరకి వేశాను. నువ్వు నింపాదిగా రా అమ్మా, తొందరేం లేదు.”

ఫోన్ ఆగిపోయింది. అత్తగారు, ఇన్‌స్పెక్టర్ ఒకరినొకరు చూసుకోలేదు. ఇద్దరూ ఒకేసారి మెట్ల వైపు పరుగందుకున్నారు. అక్కకు వాళ్ళెందుకు పరిగెడుతున్నారో అర్థం కాలేదు. వెనకనే వస్తూ, ఏడుపూ నవ్వూ కలిసిపోయిన గొంతుతో అంటోంది:

“చూశారా మేడమ్, రెండోసారి కూడా ఆయన చేతుల మీదే బతికాడు నా తమ్ముడు.”